నేని వాకిట్లో మట్టిపొయ్యి

మన పొయ్యికీ వాళ్ల పొయ్యికీ ఉన్న పెద్ద తేడా ముందే చెప్పేస్తాను. మన మట్టిపొయ్యి మీద మంట ఉన్నంతసేపే వంట. వాళ్ల పొయ్యిలో మంట తీసేశాకే వంట మొదలవుతుంది. గంటన్నరో రెండు గంటలో కట్టెలు మండించి, నిప్పులన్నీ బయటికి లాగేసి, లోపల తడిగుడ్డతో తుడిచి, అప్పుడు పెడతారు రొట్టె. అప్పటిదాకా మంటను తాగి కూర్చున్న మట్టి గోడల వేడికే అది కాలుతుంది.

వాళ్లంటే రోమా వాళ్లు. ఇంగ్లీషు కథల్లో జిప్సీలు అని మనం చదువుకున్నవాళ్లు. యూరప్‌లోకి వచ్చిన కొత్తలో వీళ్లు ఈజిప్టు నుంచి వచ్చారనుకుని జనం పెట్టిన పేరది. హంగేరీలో త్సిగాన్ అంటారు. వాళ్లు తమని తాము రోమా అనుకుంటారు. రోమ్ అంటే వాళ్ల భాషలో మనిషి, మొగుడు అని కూడా. మావారి ఉద్యోగం వల్ల మేం హంగేరీలో తూర్పువైపున్న డెబ్రెట్సెన్‌లో ఉంటున్నాం. ఈ పొయ్యి సంగతులు నాకు తెలిసింది మా బాబు వెళ్లే ఓవోదాలో పనిచేసే ఒక అమ్మాయి వల్ల. ఓవోదా అంటే మన అంగన్‌వాడీకీ ఎల్‌కేజీకీ మధ్యరకం అనుకోండి. పిల్లలకి చెప్పులు తొడగడం, అన్నాలు పెట్టడం, నిద్రపుచ్చడం ఆ అమ్మాయి పని.

ఒకరోజు నన్నాపి, ఏ దేశం అనడిగింది. ఇండియా అనగానే మొహం వెలిగిపోయింది. వేళ్లు మడుస్తూ "యెఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్" అని లెక్కపెట్టి, ఇప్పుడు మీరు చెప్పండి అంది. నేను మహా ఉత్సాహంగా ఒకటి, రెండు, మూడు అన్నాను. పాపం ఆ పిల్ల ఉత్సాహమంతా నీరుగారిపోయింది. అప్పుడు నాకు తట్టి, ఏక్, దో, తీన్, చార్, పాంచ్ అని హిందీలో చెప్పాను. ఇద్దరం అక్కడే నిలబడి పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. వచ్చే శనివారం మా బామ్మ పొయ్యి అలుకుతుంది, రండి, అని పిలిచింది.

వాళ్ల ఊరు సబోల్చ్-సత్మార్ జిల్లాలో ఉంది. బామ్మగారిని నేనూ నేని అనే పిలిచాను. హంగేరియన్‌లో పెద్దవయసు ఆడవాళ్లని అందరూ అలాగే పిలుస్తారు, మన పిన్నిగారూ అన్నట్టు. డెబ్బై దాటిన మనిషి. రంగురంగుల పొడవాటి పరికిణీ, తలకి కట్టుకున్న రుమాలు. చేతులు మాత్రం మోచేతుల దాకా బురద.

వాకిట్లో, ఇంటికి పది అడుగుల దూరంలో ఉంది పొయ్యి. నడుం ఎత్తు అరుగు, దాని మీద బోర్లించిన పెద్ద కుండలాంటి గుమ్మటం, ముందు ఒక నోరు. చలికాలం మంచుకీ తర్వాతి వానకీ పైపూత పగిలి, అక్కడక్కడ పెచ్చులు రాలిపోయి ఉంది. ఏటా ఈస్టర్‌కి ముందు దాన్ని మళ్లీ మెత్తాలి. ఒక్క ఏడు వదిలేస్తే పగుళ్లలోకి నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లు చలికి గడ్డకట్టి ఉబ్బుతాయి. రెండేళ్లు వదిలేస్తే గుమ్మటం కూలిపోతుంది. కాబట్టి ఈ పొయ్యి పాతదా కొత్తదా అని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. లోపలి మట్టి నేని అత్తగారి కాలంది. పైన మట్టి ఈ శనివారంది.

బంకమట్టి, గోధుమ పొట్టు, చిన్నగా తరిగిన గడ్డి, నీళ్లు. నేలమీద పోసి కాళ్లతో తొక్కుతారు. నేని మోకాళ్లు ఇప్పుడు ఆ పనికి ఒప్పుకోవడం లేదు. అందుకని మనవరాలు తొక్కుతుంటే, ఆవిడ పక్కన స్టూలు మీద కూచుని, గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుని పిండి, ఇంకా, ఇంకా, అంటోంది. వేళ్ల సందుల్లోంచి ఎలా వస్తుందో చూసి చెబుతుందిట అయిందో కాలేదో. మా అమ్మమ్మ అరిసెల పాకం ఇలాగే చూసేది. నీళ్లలో వేసి ఉండ కట్టి, ఇంకొక్క పొంగు రానీ, అనేది. ఆ చూపే ఇది కూడా.

మేమైతే మట్టిలో ఆవుపేడ కలిపి అలుకుతాం అని చెప్పాను. బురద తొక్కుతున్న పిల్ల ఆగి, ఛీ అన్నట్టు చూసింది. నేని మాత్రం ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. గుర్రం పేడ అయితే ఇంకా మంచిది, అంది. గుర్రం గడ్డిని పూర్తిగా అరిగించుకోదు, ఆ పీచు మట్టిలో ఉండి పగుళ్లు రానివ్వదు అని ఆవిడ వాదన. ఆవుపేడ అయితే నునుపు వస్తుంది, పురుగు రాదు అని నా వాదన. నా వచ్చీరాని హంగేరియన్‌తో, మనవరాలి ఇంగ్లీషు సాయంతో అరగంట సేపు పేడ గురించి మాట్లాడుకున్నాం. ఈ దేశం వచ్చాక నేను అంత సుఖంగా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక మాట చెప్పాలి. ఈ గుమ్మటం పొయ్యి రోమా వాళ్లకి మాత్రమే ఉన్న వస్తువు కాదు. హంగేరియన్ రైతులందరి ఇళ్లలోనూ ఉండేది. కెమెంత్సె అంటారు. వారానికోసారి వెలిగించి, ఒక్కోటీ కిలోల బరువుండే రొట్టెలు వారానికి సరిపడా కాల్చుకునేవాళ్లు. అయితే ఆ పొయ్యిల వెనక ఉన్న చేతులు ఎవరివి అన్నదే నాకు ఈ మధ్య పట్టుకున్న ఆలోచన.

ఇక్కడి పల్లెల్లో పాత ఇళ్లన్నీ పచ్చి ఇటుకలవి. మట్టి, గడ్డి కలిపి తొక్కి, చెక్క అచ్చులో కొట్టి, ఎండలో ఆరబెట్టిన ఇటుకలు. వాయోగ్ అంటారు. ఆ ఇటుకలు కొట్టడం తరతరాలుగా రోమా కుటుంబాల పని. వేసవి వస్తే మొగుడూ పెళ్లాం పిల్లలూ అందరూ దిగేవాళ్లు. ఊళ్లో ఇళ్లకి మట్టి మెత్తడం, సున్నం వేయడం రోమా ఆడవాళ్లు చేసేవాళ్లు. పిండి కలిపే పెద్ద చెక్కతొట్టి కూడా వాళ్లదే. బెయాష్ అనే రోమా శాఖ వాళ్లు చెట్టు మొద్దుల్ని తొలిచి తొట్లు చేసేవాళ్లు. ఇంతా చేసి వాళ్లెక్కడ ఉండేవాళ్లంటే, ఊరి చివర, ఇటుకల కోసం మట్టి తవ్వగా మిగిలిన గుంటల పక్కన, సగం భూమిలోకి తవ్వుకున్న గుడిసెల్లో. మన దగ్గర ఇటుక బట్టీల పక్కన ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పచ్చి ఇటుకలే పేర్చుకుని, నడుం వంచుకుని దూరే గుడిసెల్లో ఉంటాయి చూడండి. హైదరాబాదు చుట్టుపక్కల బస్సులో వెళ్తూ ఎన్నిసార్లు చూశానో. ఆ ఆడవాళ్ల వంట ఎక్కడ, పొయ్యి ఏది, అని ఒక్కసారీ అనుకున్న గుర్తు లేదు.

1970 మే నెలలో ఈ ప్రాంతంలో సమోష్ నదికి పెద్ద వరద వచ్చి వేలకొద్దీ పచ్చి ఇటుకల ఇళ్లు కరిగిపోయాయి. ఆ తర్వాత జనానికి మట్టి ఇల్లంటే భయం పట్టుకుంది. కాల్చిన ఇటుకలు, సిమెంటు వచ్చాయి. నేని వాళ్ల నాన్న చేసిన పని అక్కడితో అయిపోయింది. మట్టిని చేత్తో చూసి మంచిదా కాదా చెప్పే తెలివి మాత్రం ఇంట్లో ఆడవాళ్ల దగ్గర మిగిలింది, వాకిట్లో పొయ్యికి ఏటా అవసరం కాబట్టి.

భాష దగ్గరికి వస్తాను. నాకు అసలు నిద్ర పట్టనివ్వనిది అదే. రోమానీ భాష మూలం భారతదేశంలో ఉందని జర్మనీలో రూడిగర్ అనే పండితుడు 1782లోనే రాశాడు. పండితుల మాట అలా ఉంచండి, వంటింట్లో నిలబడి వింటే చాలు. ఉప్పుని లోన్ అంటారు, మన లవణం. నిప్పు యాగ్, హిందీలో ఆగ్. కట్టె కాష్త్, కాష్ఠం. మనం ఆ మాటని చితి దగ్గరకి పంపేశాం గానీ వాళ్లకి రోజూ పొయ్యిలో పెట్టే కట్టే అది. కత్తి ఛురి. నీళ్లు పానీ. క్యాబేజీని షఖ్ అంటారు, మన శాకం. భారతదేశం దాటాక ఎక్కడ చూసినా క్యాబేజీయే కూర అయితే ఏం చేస్తారు పాపం, ఉన్న మాటని దానికే పెట్టుకున్నారు.

రొట్టె మాట ఇంకా బాగుంటుంది. మన్రో. సంస్కృతంలో మండకం. మన పాత తెలుగు కావ్యాల్లో విందుభోజనాల వర్ణనల్లో మండెగలు అని వస్తాయే, అవే. మహారాష్ట్రలో ఖాందేశ్ వైపు ఇప్పటికీ మాండే చేస్తారు. పూర్ణం పెట్టిన పిండిని చేతుల మీదే రుమాలంత పల్చగా సాగదీసి, బోర్లించిన మట్టికుండ మీద వేసి కాలుస్తారు. మన కావ్యాల్లోంచి తప్ప నోట్లోంచి పోయిన ఆ మాట, ఇక్కడ డానుబ్ నది దాటాక, ఒక ముసలావిడ నోట్లో ఉంది.

కానీ పొయ్యిని వాళ్లు బోవ్ అంటారు. పిండిముద్దని ఖుమెర్ అంటారు. ఈ రెండూ ఆర్మీనియన్ మాటలు. అంటే ఏమిటో ఆలోచించండి. రొట్టె, నిప్పు, ఉప్పు, పిండి, నీళ్లు అన్న మాటలు మన వైపు నుంచి మూటగట్టుకుని బయల్దేరారు. గుమ్మటం పొయ్యి అక్కడ ఎదురయింది. ఎవరో ఆర్మీనియా ఆడది పొయ్యి చూపించి, పిండిముద్ద చూపించి, ఇది బోవ్, ఇది ఖుమెర్ అని చెప్పి ఉంటుంది. మగవాళ్లు గుర్రాల బేరం మాట్లాడుతుంటే ఈ ఆడవాళ్లు పొయ్యి దగ్గర చేరి ఉంటారు. ఇది నా ఊహే, కానీ మాట మారాలంటే అలాంటి చోటే కదా మారేది. తర్వాత గ్రీకుల మధ్య ఉన్నప్పుడు దారికి ద్రోమ్ అనే మాట, ఏడు, ఎనిమిది, తొమ్మిదికి ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా చేరాయి. ఈస్టర్ పండగని పత్రాగి అంటారు, అదీ ఆర్మీనియాదే. బామ్మ పొయ్యి అలికే పండగ పేరూ పొయ్యి పేరూ ఒకే దేశంలో దొరికాయన్నమాట.

మన లంబాడీలూ వీళ్లూ ఒకటేనట కదా, అని మా వాళ్లు ఫోన్లో అడుగుతుంటారు. లంబాడీ భాష రాజస్థానీ భాషలకి దగ్గర. రోమానీ దానికి చాలా ముందే విడిపోయి పడమటికి పోయిన భాష. దూరపు చుట్టాలు అనొచ్చు.

హంగేరీకి వీళ్లొచ్చి 600 ఏళ్లయింది. 1423లో సిగిస్మండ్ రాజు వీళ్లలో ఒక గుంపుకి, ఎవరూ అడ్డుపెట్టకూడదని రాసిచ్చిన పత్రం ప్రసిద్ధం. ఆ మంచితనం ఎక్కువకాలం లేదు. 18వ శతాబ్దంలో మరియా థెరీసా రాణి వాళ్ల పేరే రద్దు చేసి, కొత్త హంగేరియన్లు అని పిలవమంది. పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయి రైతుల ఇళ్లలో పెంచమంది. పక్కనే ఇప్పటి రొమేనియాలో భాగమైన వలాకియాలో 1856 దాకా వాళ్లు బానిసలు, కొనేవాళ్లు అమ్మేవాళ్లు. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్స్‌లో రోమా శిబిరంలో మిగిలిన 4 వేల మందికి పైగా జనాన్ని, ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ, గ్యాస్‌తో చంపేశారు. ఇదంతా రాస్తూ ఉంటే పొయ్యి గురించి మాట్లాడడానికే చెయ్యి రాదు. అయినా నేనికి ఈ చరిత్ర ఇలా తేదీలతో తెలియదు. వాళ్ల అత్తగారు రాత్రిపూట వాకిట్లో నిప్పు కనపడనిచ్చేది కాదని మాత్రం తెలుసు.

మొదటిసారి ఆ ఊరు వెళ్తున్నానని చెబితే మా కిందింటావిడ, చాలా మంచి మనిషే, మా బాబుకి జ్వరమొస్తే సూపు చేసి తెచ్చిన మనిషి, నన్ను లోపలికి పిలిచి కూచోబెట్టింది. పర్సు జాగ్రత్త, అక్కడ ఏమీ తినకు, అంది. మీ ఇంట్లో పాత ఇల్లు ఎవరు కట్టారు అని అడిగాను. త్సిగాన్లే, అంది. ఆ తర్వాత ఇద్దరం కాఫీ తాగాం.

ఇంకోటి నాకే జరిగింది. పాత చుడీదార్, జడ, స్కార్ఫుతో ఒక దుకాణానికి వెళ్తే గార్డు అరలన్నీ నా వెనకాలే తిరిగాడు. బిల్లు దగ్గర ఏదో గట్టిగా అడిగాడు, సంచీ విప్పి చూపించమని. నేను ఇంగ్లీషులో మాట్లాడేసరికి తడబడి, ఎక్కడినుంచి అన్నాడు. ఇండియా అన్నాను. ఒక్క క్షణంలో మనిషి మారిపోయాడు. ఓహో, యోగా, కర్రీ, అని నవ్వి, సంచీ తనే పట్టుకుని తలుపు దాకా వచ్చాడు. ఇంటికొచ్చి ఆ సంచీ సర్దుతుంటే చేతులు వణికాయి. అవమానానికి కాదు, ఆ నవ్వుకి. నన్ను ఒడ్డున పడేసిన మాట ఇండియా. ఓవోదాలో నా కొడుక్కి చెప్పులు తొడిగే పిల్ల అదే దుకాణంలో ఏమని చెప్పాలి? ఉప్పునీ నిప్పునీ రొట్టెనీ ఆ ఇండియా మాటలతోనే పిలుస్తారు వాళ్లింట్లో.

2008, 2009లో ఈ దేశంలో కొందరు దుర్మార్గులు ఊరి చివర రోమా ఇళ్లు ఎంచుకుని దాడులు చేశారు. ఆరుగురు చనిపోయారు. ఒకచోట ఇంటికి నిప్పుపెట్టి, బయటికి పరిగెత్తిన తండ్రినీ చిన్నకొడుకునీ కాల్చేశారు. ఆ ఏళ్లలో తను బడికి వెళ్లే పిల్లనని, ఆ చలికాలమంతా బామ్మ పొయ్యి వెలిగించలేదని మనవరాలు చెప్పింది. బయట మంట, దాని చుట్టూ మనుషులు, దూరానికి కనపడతారని.

అందుకే ఆ అమ్మాయికి పొయ్యి మీద ప్రేమా ఉంది, కోపమూ ఉంది. బడిలో పొగవాసన వస్తోందని ముక్కు మూసుకునేవారట. అమ్మ ఉతికిన బట్టలే, ఎంత ఉతికినా అంతేనట. ఇప్పుడు పట్నంలో చిన్న అద్దెగది, కరెంటు ఓవెన్ ఉన్నాయి. బామ్మ తర్వాత ఈ పొయ్యి ఎవరు అలుకుతారని నేనడగలేదు. తనే చెప్పింది, నేను మాత్రం ఈ ఊళ్లో ఉండను, అని. చెబుతూ గుమ్మటానికి మట్టి మెత్తుతూనే ఉంది, అరచేతి మడమతో కింద నుంచి పైకి, గాలి బుడగలు మిగలకుండా. బాగా వచ్చిన చెయ్యి.

నేని ఇంట్లో శుభ్రం సంగతి కూడా చెప్పాలి, కిందింటావిడ కోసమైనా. రోమాల్లో చాలా కుటుంబాలకి మడి లాంటి పద్ధతి ఉంది. మహ్రిమే అంటే అంటు, మైల. గిన్నెలు కడిగే తొట్టి వేరు, బట్టలుతికే తొట్టి వేరు. పొరపాటున గిన్నెలు బట్టల తొట్టిలో పడితే ఇంక వాటిలో తినరు. ఆడదాని పరికిణీ అంచు వంటపాత్రకి తగలకూడదు. నేని పిండి కలిపే ముందు చేతులు కడుక్కున్న తీరు చూస్తే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఈ మడి వల్ల మా నాయనమ్మ ఎవరెవర్ని గుమ్మం అవతల నిలబెట్టిందో అదీ గుర్తొచ్చింది. లోకమంతా గుమ్మం అవతల నిలబెట్టిన వాళ్లింట్లో కూడా ఒక మడి ఉండడం, నాకు నవ్వొచ్చింది, నొప్పీ వేసింది.

రొట్టె కాల్చడం చూడ్డానికి అక్టోబరులో మళ్లీ వెళ్లాను. అకాట్స్ అని ఇక్కడ ఒక ముళ్లచెట్టు, దాని కట్టెలు. రాజేయడానికి మొక్కజొన్న చొప్ప. మొదట గుమ్మటం లోపల మసి పట్టి నల్లగా అవుతుంది. మంట సాగుతున్నకొద్దీ ఆ మసి కాలిపోయి మెల్లగా తెల్లబడుతుంది. తెల్లబడితే వేడి చాలినట్టు. నిప్పులు లాగేసి, కర్రకి కట్టిన తడి పీలికలతో నేల తుడిచి, గుప్పెడు పిండి లోపలికి చల్లింది నేని. పిండి వెంటనే మాడితే ఇంకా ఆగాలి, మెల్లగా ఎర్రబడితే సరి. థర్మామీటరు అంటే ఇదే. ముందు నోటి దగ్గర పల్చటి రొట్టెముక్క ఒకటి పెట్టి చూస్తారు. హంగేరీ వచ్చిన వాళ్లందరూ తినే లాంగోష్ అసలు అలా పుట్టిందే. లాంగ్ అంటే మంట. ఇప్పుడు నూనెలో వేయించి, పైన చీజు తురిమి అమ్ముతున్నారు గానీ.

తర్వాత పొడుగు తెడ్డుతో పెద్ద రొట్టెలు లోపలికి. నోరు మూసేసి రెండు గంటలు. అవి తీశాక వేడి ఇంకా ఉంటుంది, మట్టికుండలో చిక్కుళ్లు, పొగపెట్టిన పందిమాంసం ముక్కా వేసి పెడతారు. అదీ అయ్యాక గుమ్మడి గింజలు, రేగ్లాంటి పుల్లటి ప్లమ్ పళ్లు తెల్లారేదాకా ఎండబెడతారు. చివరికి మర్నాటికి గోరువెచ్చగా ఉన్న పొయ్యిలో వచ్చేవారానికి కావలసిన కట్టెలు పేరుస్తారు, ఆరడానికి. మన దాలిలో పాలు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎర్రగా కాగినట్టు, ఒక్క మంటని ఇన్ని వంటలకి పంచడం. కట్టెల ఖర్చు తెలిసిన ఆడవాళ్లు కనిపెట్టిన పద్ధతి.

పొయ్యి పాత రోజుల్ని నేను నెత్తిన పెట్టుకోను. మా అమ్మ ఇంట్లో గాలాడని వంటగదిలో ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు పోగొట్టుకున్నంత పని చేసింది. 1999లో దీపం పథకంలో మా ఊరి ఆడవాళ్లకి గ్యాస్ పొయ్యిలు వచ్చినప్పుడు ఎవరూ మట్టిపొయ్యి కోసం ఏడవలేదు. నేని పొయ్యి ఆరుబయట ఉంది, పొగ ఆకాశానికి పోతుంది, వారానికి ఒక్కసారే. రోజువారీ వంటకి ఆవిడకీ లోపల గ్యాస్ ఉంది. అందుకే ఈ పొయ్యి నిలిచిందేమో అనిపిస్తుంది.

సెంటెన్‌డ్రె అనే ఊళ్లో పెద్ద ఆరుబయలు మ్యూజియం ఉంది. పాత పల్లె ఇళ్లు ఊడదీసి తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. పొయ్యిలున్నాయి, పండగలకి రొట్టెలు కాల్చి చూపిస్తారు. చక్కగా ఉంటుంది, పిల్లల్ని తీసుకెళ్లండి. హొడాస్ అనే ఊళ్లో రోమా వాళ్ల ఇల్లే మ్యూజియంగా పెట్టారు. అదీ చూడదగ్గది. ఆర్మీనియా లవాష్ రొట్టెని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. హంగేరీ ఫిడేలు మేళాల సంప్రదాయాన్ని 2022లో చేర్చింది. ఆ మేళాల్లో వాయించింది తరతరాలుగా రోమా వాళ్లే. ఫిడేలు మగవాళ్ల చేతిలో, పెళ్లి పందిట్లో, అందరి ముందూ ఉంటుంది, కనపడుతుంది. ఊరి చివర వాకిట్లో మట్టి తొక్కే ఆడవాళ్ల దగ్గరికి వచ్చి ఇది వారసత్వం అని ఎవరు రాసుకుంటారు? ఈ మాట నేనితో అంటే, రాసుకుంటే ఏమిస్తారు, కట్టెలిస్తారా, అంది.

పొయ్యి లేనివాళ్లు చేసుకునే రొట్టె ఒకటి నేని నేర్పించింది. బొదాగ్ అంటారు, కొన్నిచోట్ల వకరో, బొకోలి, పున్యా అని. ఇది పూర్తిగా రోమా రొట్టె, పులియబెట్టక్కర్లేదు. అరకిలో మైదా, చెంచా ఉప్పు, చెంచా వంటసోడా. గోరువెచ్చని నీళ్లో పుల్లటి మజ్జిగో పోసి మెత్తగా కలిపి పది నిమిషాలు మూత పెట్టండి. వేలి మందాన గుండ్రంగా వత్తి, ఫోర్కుతో పొడిచి, నూనె లేకుండా దళసరి పెనం మీద సన్నమంటపై రెండు పక్కలా కాల్చండి. మధ్యలో తట్టితే డొల్లగా చప్పుడవ్వాలి. కత్తితో కొయ్యకూడదు, చేత్తో తుంచి పంచాలి, ఇది నేని గట్టిగా చెప్పింది. వాళ్లు పందికొవ్వు రాసుకుంటారు. మా ఇంట్లో గోంగూర పచ్చడి, వెన్న.

మొన్న మార్చిలో మనవరాలు ఫోన్‌కి ఒక ఫొటో పంపింది. నేనికి తుంటి ఆపరేషన్ అయి మంచంలో ఉంది. పొయ్యి కొత్త పూతతో తడితడిగా మెరుస్తోంది, పక్కన మోకాళ్ల దాకా బురదతో ఈ పిల్ల. కింద ఇలా రాసింది: "గుర్రం పేడ దొరకలేదు. పక్కవాళ్ల ఆవుది కలిపాను. బామ్మకి చెప్పకండి."